ఖాతాలోని ఖాతా

లెక్క వ్రాయువాడు ఒకడు, లెక్క చదువువాడు మరియొకడు, ఆ లెక్క ఎవరిని గూర్చి వ్రాయబడినదో వాడు మూడవవాడు. ఈ ముగ్గురును ఒక్క చోట కూర్చుండి ఒక్క పుటను చూచుట లోకములో అరుదు. మన పల్లెలలో కరణము, తెలంగాణమున పట్వారీ, గొలుసుకట్టు వ్రాతలో లెక్కలు వ్రాసి ఉంచెడివారు. భూమి రైతుది, అక్షరము మాత్రము కరణముది. ఒక గొలుసువలె ఒకదానిలో నొకటి చిక్కుకొనిన ఆ అక్షరములను విడదీసి చదువగల రైతులు ఎందరు ఉండిరి? 1984లో ఆంధ్రప్రదేశమున ఆ ఉద్యోగములు రద్దయినవి. వ్రాత మారినది, కాగితము మారినది. చదువలేనివాని సంగతి అంత సులభముగా మారినదని చెప్పలేను.

నేను ముప్పది సంవత్సరములుగా హిందీనుండి తెలుగులోనికి వ్యాసములను, కథలను అనువదించుచున్నాను. నా చేతికి వచ్చిన గ్రంథములలో యంత్రముల జాబితాగాని, ఖర్చుల పట్టికగాని ఎన్నడును లేదు. అట్టి నాకు ఉధ్నాలోని ఒక మగ్గముల కర్మాగారమువారు కబురు పంపినారు. తమ యంత్రములను, వాటిమీది వ్యయమును చూపు కంప్యూటరు తెర యొకటి ఉన్నదనియు, దానిని క్రొత్తగా తీర్చుచున్నామనియు, తెరమీది ఇంగ్లీషు మాటలకు తెలుగు, హిందీ మాటలు కావలెననియు చెప్పినారు. ఆ కర్మాగారము పేరు ఇక్కడ అనవసరము. సుమారు నలువది మాటలు. ఒక సాయంకాలపు పని యని వారు తలచినారు. మూడు నెలలు పట్టినది.

ఉధ్నాను ఎరుగని చదువరులకు రెండు మాటలు చెప్పవలెను. ముంబయినుండి ఉత్తరమునకు పోవు రైలుదారిలో సూరతుకు ముందు వచ్చు కూడలి ఇది. తపతీ లోయ వెంట జలగామునకు పోవు దారి ఇక్కడనే తూర్పునకు చీలును. స్టేషను దాటి సందులలోనికి పోయినచో కంటికంటె ముందు చెవికి ఊరు తెలియును. రేకుల కప్పుల క్రింద, మేడల అంతస్తులలో, రేయింబవళ్ళు మగ్గములు ఆడుచుండును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల పద్మశాలీలు షోలాపురమునకును భివండీకిని పోయినట్లే ఇక్కడికిని తరతరములుగా వచ్చి నిలిచినారు. లింబాయత్ మొదలుకొని ఉధ్నా వరకు తెలుగు ఇండ్లు ఉన్నవి. సూరతు పురపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమములలో కూడ ప్రాథమిక పాఠశాలలను నడపుచున్నదనిన, ఈ నేత ఎన్ని నోళ్ళను ఒక్క చోటికి చేర్చినదో ఊహింపవచ్చును. గంజాము జిల్లానుండి వచ్చిన ఒడియా సోదరులు నేతగాండ్రలో మనకంటె చాల ఎక్కువ మంది.

ఇక్కడ మగ్గముల షెడ్డును 'ఖాతా' అందురు. 'ఏ ఖాతాలో పని?' యని అడిగినచో ఏ షెడ్డులో నేయుచున్నావని అర్థము. మనకు ఖాతా యనగా లెక్క, పద్దు, బ్యాంకులో దాచుకొనిన నాలుగు రూపాయలు. అనువాదకునికి ఇట్టివి ఇంటి గడపలో దొరికిన నాణెములవంటివి. మరమగ్గమును సిరిసిల్లవారు 'సాంచ' అందురు. సూరతు గుజరాతీలో అది 'సంచో'. అనగా మన మనిషి ఊరు విడిచి ఇంత దూరము వచ్చినను సాంచ అనుమాట అతనికి ముందే ఇక్కడ ఉన్నది. ఖాతా అనుమాట మాత్రము అతనిని తికమక పెట్టును. అతడు పని చేయునది ఖాతాలోనే; అతని ఖాతా మాత్రము మరియొకని చేతిలో ఉండును.

ఇక ఆ తెర. దానికి ఇంగ్లీషులో డ్యాష్‌బోర్డు అని పేరు. పూర్వము గుఱ్ఱపు బండ్లలో, గుఱ్ఱపు డెక్కలనుండి ఎగసివచ్చు బురద తోలువానిమీద పడకుండ అడ్డముగా నిలిపిన పలకను అట్లు పిలిచెడివారు. మోటారు బండ్లు వచ్చిన తరువాత వేగమును, ఇంధనమును చూపు గడియారములు ఆ స్థానమున అమరినవి, పేరు మిగిలినది. ఇప్పుడు కర్మాగారపు యజమాని గదిలో గోడమీద వెలుగు తెరకును అదే పేరు. బడ్జెట్టు అనుమాటకు మూలము ఫ్రెంచి భాషలోని చిన్న తోలుసంచి. 2019 జూలైలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ తోలుపెట్టెకు మారుగా ఎఱ్ఱని బట్టలో చుట్టిన బహీఖాతాను చేతబట్టి పార్లమెంటుకు వచ్చినది చాలమందికి జ్ఞాపకముండును; 2021లో ఆ ఎఱ్ఱబట్టలోనికి కాగితములకు మారుగా టాబ్లెట్టు వచ్చినది. బురదను ఆపు పలక, డబ్బు దాచు సంచి! ఈ రెండు మాటల పుట్టుకను ఎరిగి ఆ పాత తెరను చూచినవాడు నవ్వుకొనక మానడు. అది చేయుచున్న పని నిజముగా అదియే.

నేను దానికి 'పరికర వ్యయ సూచిక' అని పేరు పెట్టినాను. మాస్టరు ఒకసారి తల ఎత్తి చూచి 'టీవీ' అనినాడు. టీవీయే నిలిచినది. మాస్టరు అనగా ఇక్కడ బడిపంతులు కాదు. మగ్గములను నడిపించి, చెడినచో బాగుచేయు పెద్ద పనివాడు. ఈయన జగిత్యాల వైపునుండి చిన్ననాడే వచ్చినవాడు.

పాత తెరలో రెండు పుటలు ఉండెను. మొదటిది యంత్రముల పుట. రెండు అంతస్తులలోని 84 మగ్గములకు 84 గడులు. ఆడుచున్నది ఆకుపచ్చ, ఆగినది ఎఱుపు. ఎఱ్ఱని గడిమీద వ్రేలుంచినచో 'ఐడిల్' అని కనిపించును. రెండవది ద్రవ్యపు పుట. నూలు, కరెంటు, కూలి, మరమ్మతు, యంత్ర సామగ్రి అను పద్దులు, నెలకు ఇంతయని కేటాయింపు, ఖర్చయినది ఎంత, మిగిలినది ఎంత. మొదటి పుటను అందరును చూడవచ్చును. రెండవది మెహతాజీకిని సేఠుగారికిని మాత్రమే తెరచుకొనును. మెహతాజీ అనగా గుమాస్తా; గుజరాతీ వ్యాపార గృహములలో ఆ పిలుపునకు గల గౌరవము గుమాస్తా అను మన మాటకు లేదు.

'ఐడిల్' అను ఆ ఒక్క మాట దగ్గరనే నా సాయంకాలము ముగిసి రెండవ వారము మొదలయినది. హిందీలో 'ఖాలీ' అనవచ్చును, 'బేకార్' అనవచ్చును, నిఘంటువు చేతిలో ఉన్నవాడు 'నిష్క్రియ' అనును. తెలుగులో 'ఖాళీ', 'పనిలేనిది', 'ఊరక ఉన్నది'. ఇవన్నియు మాస్టరుకు చదివి వినిపించినాను. ఆయన నూనె చేతులు తుడుచుకొనుచు అనినాడు:

"సాంచ ఊకె ఉన్నదని రాస్తే, మనిషి ఊకె ఉన్నడని చదువుతరు సారూ. వాడు పొద్దటిసంది బీము కోసం నిలవడ్డడు."

ఇంతకంటె మంచి అనువాద విమర్శను నేను సభలలో వినలేదు. మగ్గము ఏల ఆగును? పడుగు చుట్టిన బీము అయిపోయి క్రొత్తది రానందున ఆగును. వచ్చిన బీము పోగులను పాత పోగులకు అతుకుచున్నంతసేపు ఆగును. పేక నూలు రానందున, కరెంటు పోయినందున, విడిభాగము అరిగి విరిగినందున ఆగును. మనిషి రానందున ఆగును. ఈ ఆరింటిలో చివరిది ఒక్కటే మనిషి పద్దున పడవలసినది. పాత తెర ఆరింటిని ఒక్క మాటలో కట్టివేసినది. అది సోమరితనము వాసన గల మాట. ఇక్కడ కూలి మీటరు లెక్కన. పన్నెండు గంటల షిఫ్టులో నేతగాడు తన మగ్గములమధ్య ఎంత నిలిచినను, ఆగిన మగ్గము అతనికి మీటరు ఇయ్యదు. నెల చివర మీటర్లు తగ్గినచో పుటమీద కనిపించునది ఎఱ్ఱని గడియు, ఆ మాటయు మాత్రమే.

రెండు పుటలమధ్య ఏమి జరుగునో తెలియుటకు 31వ మగ్గము కథ చాలును. అది రేపియరు మగ్గము. దీనిలో నాడె ఉండదు. ఒక ప్రక్కనుండి ఒక చేయి పేక పోగును పడుగు నడుమ వరకు తెచ్చి ఇయ్యగా, రెండవ ప్రక్కనుండి వచ్చిన చేయి దానిని అందుకొని లాగికొని పోవును. ప్రతి పేకకును ఏ పోగులు లేవవలెనో ఏవి దిగవలెనో నిర్ణయించునది డాబీ. ఆ డాబీలోని ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోయినది. మరునాడే మాస్టరు కోరిక పెట్టినాడు. అది మెహతాజీ పుటకు చేరినది. ఆయన చూచినాడు. కార్డు ఖరీదు పెద్దది. దీనిని మరమ్మతు పద్దున వ్రాయవలెనా, యంత్ర సామగ్రి పద్దున వ్రాయవలెనా? మరమ్మతు అయినచో ఈ సంవత్సరపు లాభనష్టములలో కలియును. ఆస్తి అయినచో ఏండ్లమీద తరుగుదలగా పోవును. లెక్కల శాస్త్రములో ఇది చిల్లర ప్రశ్న కాదు. పైగా ఆ నెల మరమ్మతు పద్దు అప్పటికే నిండినది. యంత్ర సామగ్రి పద్దును ముట్టుటకు సేఠుగారి అనుమతి కావలెను. సేఠుగారి తెరలో కనిపించినది ఒకే వాక్యము: మరమ్మతు, నూటికి నూరు, ఎఱుపు. ఆయన దానిని 'ఈ నెల ఖర్చు మితిమీరినది' అని చదివి చేయి బిగించినాడు. క్రింద షెడ్డులో అదే సమయమున 31వ గడి ఎఱ్ఱగా వెలుగుచున్నది.

ఎవ్వరును అబద్ధమాడలేదు. ఎవ్వరును పని ఎగవేయలేదు. పదునొకండు దినములు మగ్గము ఆగినది. తొమ్మిదవనాడు దానిమీద నేయుచుండిన యువకుడు వేరొక ఖాతాకు వెళ్ళిపోయినాడు. పోవుచు ఎవ్వరినీ నిందింపలేదట. నిందింపవలసినవాడు ఎవడో తెరమీద వ్రాసి ఉండలేదు గదా.

దూరమున కూర్చుండి లెక్క చదువుట ఈ నగరమునకు క్రొత్త కాదు. 1613లో ఇంగ్లీషువారు సూరతులో తమ కోఠీని స్థాపించినారు. దానిని వారు ఫ్యాక్టరీ అనిరి. అక్కడ ఏమియు తయారు కాదు. ప్రతినిధి కూర్చుండి సరకు కొని, నిలువచేసి, లెక్క వ్రాయు చోటు అది. ఆ లెక్కలు ఓడలమీద నెలల తరబడి ప్రయాణము చేసి లండనులోని పెద్దలకు చేరెడివి. బట్ట నేసినవాని గుడిసెకును ఆ చదువరికిని నడుమ సముద్రము ఉండెను. నేడు పై అంతస్తుకును క్రింది అంతస్తుకును నడుమ ఇరువది మెట్లు ఉన్నవి. తెర ఈ దూరమును తగ్గించుననుకొందుము. కాని పుటలు వేరయిన చోట మెట్లు కూడ సముద్రమగును.

ఇది వ్రాయునప్పుడు మెహతాజీని గూర్చి చదువరులకు తప్పు భావము కలుగరాదు. ఆయన లెక్కను పూజించు మనిషి. దీపావళినాడు గుజరాతీ వర్తకులు చోపడా పూజ చేయుదురు. క్రొత్త లెక్కల పుస్తకములపై స్వస్తికము వేసి, 'శుభ', 'లాభ' యని వ్రాసి, లాభపంచమినాడు వ్యాపారము తిరిగి మొదలు పెట్టుదురు. పుస్తకము పోయి కంప్యూటరు వచ్చిన తరువాత చాల కొట్లలో ల్యాప్‌టాపుకే కుంకుమ పెట్టుచున్నారు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత, ఆ నెల సూరతు బట్టల బజారులు సమ్మెతో మూతపడి తెరచుకొనిన తరువాత, కాగితపు బహీలను విడువలేని ఆయన వయస్సువారెందరో మీట నొక్కుట నేర్చినారు. మెహతాజీకి తెరమీది ఎఱుపు నచ్చదు. బహీకి చుట్టు బట్ట ఎఱుపు, కుంకుమ ఎఱుపు. మంగళకరమైన ఆ రంగును నష్టమునకు ఏల వాడవలెనని ఆయన నన్ను సూటిగా అడిగినాడు. ఇది తెర దిద్దుటకు వచ్చిన యువతికి మొదట హాస్యముగా తోచినది. తరువాత ఆమె ఆగిన మగ్గమునకు బూడిద రంగు వేసినది. నాకును అదియే సబబనిపించినది.

ఆ యువతికి ఇచ్చిన పని కూడ రంగులు మార్చుట, రేఖాపటములు చేర్చుట మాత్రమే. ఆమె మంచి పని చేసినది: పటములను ప్రక్కనబెట్టి పెద్ద కాగితములు పరచి, మాస్టరును, మెహతాజీని, ఒక ఒడియా నేతగానిని, నన్ను దాని చుట్టు కూర్చుండబెట్టినది. మగ్గమునకు ఒక వరుస. ఆ వరుసలో మగ్గము, డబ్బు రెండును ఉండవలెను. ఎప్పటినుండి ఆగినది? దేనికొరకు ఆగినది? కోరిన వస్తువు ఏ పద్దు క్రింద వచ్చును? ఇప్పుడు ఎవరి మాట కొరకు చూచుచున్నది? నాలుగు ప్రశ్నలు. నలువది మాటలలో పదునారు ఎగిరిపోయినవి.

మెహతాజీ అడ్డు చెప్పినాడు. విడిభాగముల ధరలు షెడ్డు గోడమీద కనిపించినచో సాయంకాలమునకు అవి టీ దుకాణమునకు చేరును. రేపు సరకు అమ్మువాడు పోటీవాని ధరను మనకంటె ముందే తెలిసికొని వచ్చును. ఇది న్యాయమైన మాట. ధరలు క్రింది తెరనుండి తీసివేయబడినవి. దినముల సంఖ్య ఉంచబడినది. మరమ్మతా, ఆస్తియా యను ప్రశ్నకు కూడ ఆయనయే దారి చూపినాడు: వస్తువు ముందు రావలెను, పద్దు నెలాఖరున తేలవచ్చును, అంతవరకు 'పద్దు తేలవలసినవి' యని వేరు వరుస. నలువది ఏండ్ల అనుభవము లేనివాడు ఇంత సులభమైన మాట చెప్పలేడు.

'దేనికొరకు' అను గడికి మాటలు మాస్టరు నోటినుండియే తీసికొన్నాను. బీము లేదు. అతుకు నడుస్తున్నది. పేక రాలేదు. కరెంటు లేదు. సామాను రావాలె. మనిషి రాలేదు. నా గ్రంథముల భాషలో ఇవి చెల్లవు, గోడమీద చెల్లును. హిందీ వరుసలో 'తానా నహీఁ', 'బానా నహీఁ' అని పడుగు పేకలు కబీరునాటి మాటలలోనే కుదిరినవి. ఒడియా మాటలను ఆ నేతగాడే చెప్పి వ్రాయించినాడు.

చిక్కంతయు నాలుగవ గడి దగ్గర వచ్చినది. 'ఎవరి మాట కొరకు' అను చోట మాస్టరు పేరు ఉండవచ్చును, మెహతాజీ పేరు ఉండవచ్చును. సేఠుగారి పేరు? ఆయన కాగితమును చూచి మెల్లగా అనినాడు: "మేరా నామ్ దీవార్ పర్ క్యోఁ?" నా పేరు గోడమీద ఎందుకు? ఆ ప్రశ్నలో కోపము లేదు. తాత మగ్గములతో మొదలు పెట్టిన ఇంటివాడు, పనివారి బిడ్డల పెండ్లిండ్లకు పోయి కూర్చుండువాడు. తన పేరు ప్రక్కన దినములు లెక్కకు వచ్చుట ఆయనకు పరువు సంగతి. అయితే ఆ యువకుడు పోయినది ఆ పేరు లేని గడి వలననే గదా! నేను 'యజమాని' అని మెత్తపరచి చూచినాను. 'ఆఫీసు' అని ఆయన సూచించినాడు. ఆఫీసు అనగా మెహతాజీ. అనుమతి ఇయ్యలేనివానిమీద ఆలస్యము పడును. దానికి నేను ఒప్పుకొనలేదు. అనువాదకునికి ఒప్పుకొనుటకుగాని, మానుటకుగాని ఏమి అధికారము కలదని చదువరులు అడుగవచ్చును. లేదు. కాని మాట నాది. తప్పు మాట వ్రాసి ఇమ్మనినచో ఇయ్యకుండు అధికారము ఒకటి ఈ వృత్తిలో మిగిలి ఉన్నది.

రెండు దినములు గడచిన తరువాత మెహతాజీ 'మోటీ సహీ' అనినాడు. అనగా పెద్ద సంతకము. సేఠుగారు నవ్వి ఊరకున్నారు. తెలుగులో 'పెద్ద సంతకం', హిందీలో 'బడీ సహీ'. దీనిలో కొంత మరుగు ఉన్నదని నాకు తెలియును. అయినను షెడ్డులో పెద్ద సంతకము ఎవరిదో తెలియని పసివాడును లేడు.

తెర మారి ఎనిమిది నెలలయినది. మగ్గములు ఆగుట మానలేదు, యంత్రము ఆగకుండునా? సామాను కొరకు ఆగినవి మాత్రము మునుపటివలె వారములు నిలుచుట లేదని మాస్టరు చెప్పుచున్నాడు. ఒకసారి ఒక వరుసలో 'మనిషి రాలేదు' అని ఉండగా ఆ మనిషియే దానిక్రింద నిలిచి, తాను వచ్చి రెండు గంటలయినదనియు, మాట మార్చవలెననియు పట్టుబట్టినాడట. మార్చినారు. పాత తెరక్రింద నిలిచి ఇట్లు వాదించినవానిని గూర్చి ఎవ్వరును వినలేదు.

మగ్గములకు చెందని కోరికలకు తెర అడుగున కొన్ని వరుసలు విడిచినారు. పై అంతస్తులో పంకా, మంచినీళ్ళ యంత్రము, మెట్లదగ్గర దీపము. దీపము వచ్చినది. పోయిన నెల నేతగాండ్రు కొందరు కలిసి అక్కడ ఒక కోరిక వ్రాయించినారు. మగ్గము ఎన్ని దినములు ఆగినదో వ్రాయుచున్నారు గదా. ఆ దినములలో నేతగానికి ఎన్ని మీటర్లు పోయినవో దాని ప్రక్కన ఇంకొక గడి ఉండవలెనని. దానికి తెలుగు మాట ఏమని యువతి నన్ను అడిగినది. 'పోయిన మీటర్లు' అని ఇచ్చినాను. మొన్న నేను పోయి చూచినప్పుడు ఆ వరుస అక్కడనే ఉన్నది. ఎవరి మాట కొరకు: పెద్ద సంతకం. దినములు: 26.